రూతు ఆగిన గుమ్మాలు

"కొనేది ఎవరు? మీ నాయనా?" అన్నాడు విక్టర్, నీళ్ల ట్యాంకర్ దిగకుండానే.

"నేనే," అంది వర్షిణి.

"సరే. ఎక్కేది ఎవరు?"

"అదీ నేనే. ఇంకేం కావాల? ఆధార్ కార్డు చూపించాల్నా?"

విక్టర్‌కు నవ్వు వచ్చింది గానీ పెదవి దాటనివ్వలేదు. కిందికి దూకి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఇంటివైపు చూపించాడు.

"అదిగో. చూసుకోండి."

పలక రంగు ఆడగుర్రం. మార్కాపురంలో పుట్టి పెరిగిన వర్షిణికి అది బాగా తెలిసిన రంగు. వాన వెలిశాక గనిలో రాయి అట్లాగే మెరుస్తుంది. కానీ ఆ గుర్రం నిలబడిన తీరు మాత్రం ఆమె ఎక్కడా చూడలేదు. దాన్ని ఎవరూ కట్టేయలేదు. తాళం వేసిన తలుపుకు ఎదురుగా తల వంచుకుని, తోకైనా ఆడించకుండా నిలబడి ఉంది. కంటి మీద ఈగ వాలినా రెప్ప వేయలేదు. లోపల ఎవరో నెమ్మదిగా మాట్లాడుతుంటే వింటున్నట్టు చెవులు రెండూ ముందుకు పెట్టింది.

"లోపల ఎవరున్నారు?" అంది వర్షిణి. ఎందుకో గొంతు తగ్గించింది.

"ఎవరూ లేరు. మా నాయన ఉండేవాడు. పోయి నాలుగు నెలలైంది. నేను మా పిన్నమ్మ ఇంట్లో పడుకుంటాండా."

వర్షిణి పలకల వ్యాపారి ఉమామహేశ్వర్లు కూతురు. నున్నగా సానపట్టిన పలకల మీద ఇళ్ల పేర్లు అందంగా రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఆ సంపాదనంతా ఒక్క కోరిక కోసమే దాచింది. ఏడేళ్ల వయసులో ఎవరి పెళ్లి ఊరేగింపులోనో గుర్రం ఎక్కిస్తానని మామ ఎత్తుకుంటే, "ఆడపిల్లలు ఎక్కర్లే" అని ఇంకెవరో దించేశారు. జీను తోలు వాసన అప్పుడే ముక్కుకు తగిలింది. అది ఇంకా వదల్లేదు. ఫోన్‌లో ఈ గుర్రం వీడియో చూసిన రోజు ఆమెకు అన్నం సహించలేదు. పుల్లలచెరువు దాటి, అడవి అంచున ఉన్న ఈ పల్లెకు ఆటో మాట్లాడుకుని వచ్చింది.

తోడు వచ్చిన వెంకటస్వామి ఒకప్పుడు మార్కాపురంలో జట్కా తోలినవాడు. ఆయన గుర్రం పెదవి ఎత్తి పళ్లు చూశాడు. ఒక్కో కాలూ ఎత్తి డెక్కలు తట్టాడు. మోకాళ్ల కింద అరచేత్తో నిమిరాడు.

"ఎనిమిదేండ్లుంటాయి. కాళ్లు బంగారం. ఒకసారి నడిపించు నాయనా."

"ఇప్పుడు నడవదు," అన్నాడు విక్టర్.

"అదేంది! బ్రేకు ఉంది గానీ క్లచ్ లేదా?" అంది వర్షిణి.

"దానికి బుద్ధి పుట్టినప్పుడు కదుల్తాది. బైకు కాదు కదా మేడమ్."

వెంకటస్వామి గుర్రం ముఖాన్ని తన వైపు తిప్పుకుని, ఎడమ కంటి కింద వెంట్రుకల్లో వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"పాపా, వద్దు. కన్నీటి సుడి ఉంది. ఇది కాలుపెట్టిన ఇంట్లో ఏడుపు తప్పదంటారు. అందుకే ఇంత తక్కువకు చెప్పినాడు ఈ పిల్లోడు."

"దాచలేదు కదా పెద్దాయనా," అన్నాడు విక్టర్. "ఇది పిల్లగా ఉన్నప్పుడే మా నాయన తెచ్చుకున్నాడు. సుడి చూసే తెచ్చుకున్నాడు. ఎవరూ కొనకపోతే ఇది ఏం కావాలని. రూతు అని పేరు పెట్టినాడు."

వర్షిణి ఆ సుడిని చూసింది. కంటి నుంచి జారబోయి ఆగిన చుక్కలా ఉంది. "నాకు కావాల," అంది.

అంతసేపూ రాయిలా ఉన్న గుర్రం అప్పుడు మెల్లగా తల ఎత్తింది. తలుపు నుంచి మెట్ల మీదికి, మెట్ల నుంచి నేల మీదికి, నడిచి వస్తున్న మనిషిని చూసినట్టు చూపు మళ్లించింది. అక్కడ ఎవరూ లేరు. విక్టర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తాడు చేతికిస్తూ అతను ఒక మాటన్నాడు. "సాయంత్రం పూట ఇండ్ల మధ్యకు తోలుకపోవద్దండి."

"ఎందుకు?"

"వద్దంతే."

"ఇట్ల సగం చెప్పే మనుషుల్ని చూస్తే నాకు చెడ్డ ఒళ్లు మంట."

"సగమైనా చెప్పినా కదా," అన్నాడతను. ఈసారి నవ్వు పెదవి దాటింది. వర్షిణికి అనవసరంగా ఆ నవ్వు ఇల్లు చేరేదాకా గుర్తుంది.

దారిలో వెంకటస్వామి అన్నాడు: "డబ్బిచ్చినంత మాత్రాన నీది కాదు పాపా. ఏదో ఒకరోజు దానంతట అదే వచ్చి నీ పక్కన భుజం ఆనిచ్చి నిలబడతాది. అప్పటిదాకా అది వాళ్లదే."

* * *

ఇంటి వెనక ఖాళీగా ఉన్న పలకల షెడ్డు రూతుకు ఇల్లయింది. మొదటి పది రోజులు తెల్లవారుజామున కొనకనమిట్ల రోడ్డు మీద కంది చేల పక్కన వెంకటస్వామి స్వారీ నేర్పించాడు. రూతు చెప్పినట్టల్లా నడిచింది. నడిచింది గానీ వర్షిణి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బెల్లం పెడితే తినేది. ముట్టె మాత్రం చేతికి తగలనిచ్చేది కాదు.

పదకొండో రోజు వర్షిణి ఒక్కతే మధ్యాహ్నం స్వారీకి పోయి, తిరిగి షెడ్డుకు వస్తుండగా దీపాలు పెట్టే వేళయింది. సందు మొదట్లో గాజుల దుకాణం వాళ్ల ఇంటి ముందు రూతు ఆగింది.

వర్షిణి మడమలతో తట్టింది. కదల్లేదు. "హేయ్" అంది. కదల్లేదు. ఉన్నట్టుండి గుర్రం ఒళ్లు ఎడమవైపు కొద్దిగా వంగి, మళ్లీ సర్దుకుంది. వీపు మీద నుంచి ఎవరో రికాబులో కాలు పెట్టి దిగినప్పుడు గుర్రం అట్లాగే సర్దుకుంటుంది. కానీ వర్షిణి జీను మీదే ఉంది!

రూతు చూపు మూడు మెట్లూ ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మంలోకి వెళ్లి ఆగింది. ఊరికే మొరిగే వీధికుక్కలు గోడవారకు నక్కి చూస్తున్నాయి. లోపల ఒక ముసలి దగ్గు వినిపించింది. సందులో ఇంకే చప్పుడూ లేదు.

పావుగంట తర్వాత గుర్రం దానంతట అదే కదిలింది. మూడో రోజున గాజుల దుకాణం తాతయ్య పోయాడు.

ఆ తర్వాత అది అదే సందులో ఉండే మణెమ్మ ఇంటి ముందు ఆగింది. ఆ వారమే మణెమ్మ కోడలికి కామెర్లు ముదిరి పెద్దాస్పత్రిలో చేర్చారు. బతికి బయటపడింది గానీ సందులో మాట పుట్టనే పుట్టింది.

ఇక సాయంత్రం డెక్కల చప్పుడు వినపడితే తలుపులు మూసుకునేవి. వర్షిణి ముందుకు పోయే కొద్దీ ఒక్కొక్క గడియా పడేది. టక్, టక్. ఆమె దాటాక కూడా తెరుచుకునేవి కావు.

"ఓ వర్షిణమ్మా," అని మణెమ్మ కిటికీ సందులోంచే అరిచింది, "నీకు దండం పెడతా తల్లీ, మా ఇంటి ముందర మాత్రం ఆపద్దు. కావాలంటే ఆ చివరింటోళ్ల ముందు ఆపుకో. వాళ్లకూ మాకూ మాటల్లేవులే!"

వర్షిణికి నవ్వొచ్చింది. నవ్వితే ఏడుపొచ్చేట్టుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఉమామహేశ్వర్లు తేల్చి చెప్పాడు. "ఆదివారం దాటినాక అది ఇంట్లో ఉండడానికి లేదు. ఊళ్లో తల ఎత్తుకోలేక పోతున్నా."

వర్షిణి విక్టర్‌కు ఫోన్ చేసింది.

"నీళ్లా? రేపు రెండు ట్రిప్పులున్నాయి," అన్నాడు.

"నీళ్లు కాదు. గుర్రం. రిటర్న్ పాలసీ ఉందా?"

అవతల ఇంజను చప్పుడు ఆగిపోయింది. "ఎవరింటి ముందర ఆగింది?"

"ఆగిందని నేను చెప్పలేదే?"

"ఆ ఇంట్లో ఎవరైనా మంచంలో ఉన్నారా?"

వర్షిణి కూర్చున్నచోటి నుంచి లేచింది. "అంటే మీకు తెలుసు. తెలిసే అంటగట్టినారు. ఆ నవ్వొకటి పైగా!"

"ఏ నవ్వు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

* * *

శనివారం మధ్యాహ్నం వాన మొదలైంది. తుంపరగా, చప్పుడు లేకుండా, పట్టపగలే మసక చీకటి చేస్తూ. వర్షిణి పలక మీద పేరు రాస్తోంది. వీధిలో డెక్కల చప్పుడు వినిపించి బ్రష్షు ఆపింది.

షెడ్డులో కట్టేసిన గుర్రం. ముడి విప్పినట్టుంది, తెంపినట్టు లేదు. ఇల్లు చుట్టి వచ్చి, వాళ్ల సొంత గుమ్మం ముందు ఆగింది. దాని చూపు మెట్లెక్కి, కుడివైపుకు తిరిగి, అవ్వ సుబ్బరత్నమ్మ గది కిటికీ దగ్గర నిలిచింది.

తల్లి శ్రీదేవి చేతిలో గిన్నె జారి కిందపడింది. ఉమామహేశ్వర్లు కర్ర తీసుకుని వీధిలోకి పరుగెత్తాడు గానీ ఎత్తిన కర్ర దించలేకపోయాడు. వానలో ఆ గుర్రం ముఖం నిజంగానే ఏడుస్తున్నట్టుంది. సుడి మీదుగా నీళ్లు కారుతున్నాయి.

"నాకేం కాలేదురా," అంది అవ్వ లోపల్నుంచి. "నిక్షేపంగా ఉండా." ఆ మాట అనడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది.

వర్షిణి మళ్లీ ఫోన్ తీసింది. ఈసారి వెటకారం లేదు. "విక్టర్, మా అవ్వ కిటికీ ముందు ఆగింది. నాకు భయంగా ఉంది. రా."

'మీరు' అనడం మరిచిపోయానని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రానికి సందులో ట్యాంకర్ హారన్ మోగింది. వెంటనే తలుపులన్నీ తెరుచుకున్నాయి. మణెమ్మ రెండు బిందెలతో పరుగెత్తుకొచ్చింది.

"నీళ్లు కాదు పెద్దమ్మా!" అన్నాడు విక్టర్ దిగుతూ.

"నీళ్లు లేకుండా ట్యాంకర్ ఎందుకు నాయనా?"

"ఎక్కి రావడానికి బస్సు దొరకలా."

గుర్రం అతని వైపు తిరగలేదు. అతను దాని మెడ మీద చెయ్యి వేసి, వర్షిణితో తలెత్తకుండా చెప్పాడు.

"మా నాయన యోసేపు ఉపదేశి. బస్సు పోని పల్లెలన్నిటికీ దీని మీదే పోయి ప్రార్థన చేసేవాడు. ఎవరింట్లో ఒంట్లో బాగలేని మనిషి ఉంటే అక్కడ ఇది ఆగేది. దగ్గు వినేదో, వాసన పట్టేదో, మా నాయనకూ తెలీదు. ఆయన దిగి లోపలికి పోయేవాడు. అట్లాంటోళ్లు ఒంటరిగా ఉండగూడదు అనేవాడు. ఆయన ఆమేన్ అన్నది వినపడితే ఇది తిరిగేది, ఎక్కించుకోడానికి. చావు తెచ్చేది కాదు వర్షిణి. తెలుసుకొనేది, అంతే."

"ఆ ఆమేన్ ఏదో నాకు ముందే చెప్తే నేనే అనేదాన్ని కదా! ఇంత చిన్న మాట!"

"నాకు చిన్నది కాదు." అతను గుర్రం మెడ మీది వాన నీళ్లు అరచేత్తో తుడిచాడు. "నాయన పోయేటప్పుడు నేను పక్కనే ఉండా. ప్రార్థన నేనే మొదలుపెట్టినా. చివర మాట అనలేకపోయినా. అంటే అయిపోయినట్టే గదా. ఇది మూడు రోజులు తలుపు ముందు నిలబడింది. ఆ తర్వాత రోజూ. చూడలేక అమ్మినా. నీకు అంటగట్టాలని కాదు."

వర్షిణికి అన్ని రోజుల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కిటికీలోంచి అవ్వ పిలిచింది. "ఏమే వర్షీ, ఆ పిల్లోణ్ణి వానలో నిలబెట్టి మాట్లాడతావేంది? లోపలికి రమ్మను."

ఉమామహేశ్వర్లు గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. "అమ్మా, వాళ్లు…"

"జరగరా! నాలుగు నెలల్నుంచి మెట్లెక్కితే గుండెను ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టు ఉంటాంది. చెప్తే ఆస్పత్రులంటూ తిప్పుతారని కన్నకొడుకు దగ్గర దాచినా. ఆ మూగజీవి దగ్గర దాగలేదు. దాన్ని పెంచిన ఇంటి పిల్లోడు వచ్చినాడు. జరుగు."

ఉమామహేశ్వర్లు కర్ర గోడకు ఆనించి, మారు మాట్లాడకుండా కారు మాట్లాడడానికి పరుగెత్తాడు.

విక్టర్ మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. అవ్వ తన చెయ్యి తనే అతని చేతిలో పెట్టింది. అతను కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కదిలి, ఒకచోట ఆగిపోయాయి.

వర్షిణి గుమ్మంలో నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. గదిలో అతను, వీధిలో గుర్రం, ఇద్దరూ ఒకేలా తల వంచుకుని ఉన్నారు. చూరు నీళ్లు కూడా ఒక్కసారి ఆగినట్టనిపించింది. గదిలో మంచం మీద అవ్వ, పీట మీద విక్టర్. వాళ్లిద్దరే. వర్షిణి తన ఊపిరి బిగబట్టి విన్నా, ముగ్గురు ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె లెక్క తప్పలేదు.

"చెప్పు నాయనా," అంది అవ్వ మెల్లగా. "నేనెక్కడికీ పోనులే."

"ఆమేన్," అన్నాడు విక్టర్. ఇన్ని నెలలుగా గొంతులో ఉన్న మాట, పగిలి బయటికి వచ్చింది.

వీధిలో రూతు పక్కకు తిరిగి మెట్టు రాయి దగ్గర నిలబడింది. జీను లేని వీపు కొద్దిగా కుంగింది. అప్పుడు, ఎక్కిన మనిషి పడిపోకూడదన్నంత జాగ్రత్తగా, అడుగులో అడుగు వేసుకుంటూ షెడ్డు వైపు వెళ్లింది. మణెమ్మ బిందెలు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది.

* * *

అవ్వను అప్పటికప్పుడే గుంటూరు తీసుకుపోయారు. గుండె నరం పూడుకుపోయిందని, ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేమని డాక్టర్ అన్నాడు. పన్నెండో రోజు ఆమె ఇంటికి వచ్చి, ముందు షెడ్డుకు పోయి, "రూతమ్మా" అని పలకరించి, ఆ తర్వాతే తన గదిలోకి వెళ్లింది. గుర్రాన్ని అమ్మే మాట ఉమామహేశ్వర్లు మళ్లీ ఎత్తలేదు.

సందు తీరు మారింది. డెక్కల చప్పుడు వింటే తలుపులు తెరుచుకునేవి. రూతు ఆగిన ఇంటి వాళ్లు మర్నాడే ఆస్పత్రికి పోయేవాళ్లు. వర్షిణి దిగి లోపలికి పోయి మంచంలో ఉన్న మనిషితో కాసేపు కూర్చుని వచ్చేది. చివర ఆమేన్ కూడా ఆమే అనేది. గుర్రం తిరిగేది, ఎవరినో ఎక్కించుకునేది, కదిలేది. ఆ ఎక్కేది మాత్రం తను కాదని వర్షిణికి తెలుసు. తను ఇంకా వెనకాల కూర్చున్న చుట్టమే.

విక్టర్ ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఒక వారం డెక్కలు చూడాలనేవాడు. ఇంకో వారం నాడాలు చూడాలనేవాడు. మూడో వారం సాకు దొరకలేదు.

"ఈ వారం ఏం చూస్తావు?" అంది వర్షిణి.

"జూలు."

"జూలుకేమైంది?"

"బాగుంది. గాలికి ఎగరతాంది." అతను చూస్తున్నది గుర్రం జూలు కాదు. వర్షిణి ఎగిరే జుట్టును చెవి వెనక్కు తోసుకుని, పని లేకపోయినా బకెట్టు ఎత్తి పెట్టింది.

కార్తీకంలో ఒక సాయంత్రం ఇద్దరూ రూతును నడిపించుకుంటూ వస్తున్నారు. సన్నగా తుంపర పడుతోంది. ఇంటి గుమ్మం ముందు గుర్రం ఆగిపోయింది.

వర్షిణి తాడు విక్టర్ చేతికిచ్చింది. లోపలికి పరుగెత్తింది. అవ్వ కిటికీ దగ్గర కూర్చుని వక్కపొడి నములుతోంది. తల్లి వంటింట్లో పాట పాడుకుంటోంది. నాయన లెక్క తేలక ఎవరినో తిడుతున్నాడు. అందరూ బాగానే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి రూతు చూపు గుమ్మం మీద లేదు. ఒకసారి విక్టర్ మీద, ఒకసారి తన మీద ఉంది.

"ఎవరికి బాగలేదంట?" అన్నాడు విక్టర్.

"లోపల అందరూ బాగుండారు."

"అయితే నాకేనేమో. సోమవారం నుంచి శనివారం దాకా అస్సలు బాగుండదు. ఆదివారం ఒక్కరోజే కుదురుగా ఉంటాది."

"ఆస్పత్రికి పోవాల్సింది."

"అందుకే గదా ఇక్కడికొచ్చినా." అతను కళ్లెం తాడును వేలికి చుట్టుకున్నాడు. "వర్షిణి, సగం చెప్పే మనుషులంటే నీకు ఒళ్లు మంట గదా. మొత్తం చెప్తా. నువ్వంటే నాకిష్టం. నాకు ట్యాంకరు, తాళం వేసిన ఇల్లు తప్ప ఏమీ లేవు. ఆ తాళం తీయాలని ఉంది. నువ్వు వస్తే తీస్తా. మీ నాయన ఒప్పుకోడని తెలుసు. అయినా అడుగుతాండా."

తుంపర ఇద్దరి మీదా పడుతోంది. వర్షిణి ఏదో ఒక వెటకారం కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. తలూపింది. కళ్లు నిండాయి.

"నాకూ ఈ మధ్య బాగుండటం లేదు," అంది.

గుర్రం కదల్లేదు. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అనాల్సిన మాట ఉంది గానీ, అది తమలో ఎవరు అనాలో ఇద్దరికీ తెలియలేదు.

"ఆమేన్!" అంది సుబ్బరత్నమ్మ కిటికీలోంచి, వక్కపొడి పక్కకు ఉమ్మి. "అనండిరా ఎవరో ఒకరు, ఆ జీవిని ఎంతసేపు నిలబెడతారు? ఉమా సంగతి నాకు వదిలేయండి. కన్నదాన్ని, నాకు తెలీదా వాణ్ణి ఎట్ల తిప్పుకోవాల్నో."

లోపల ఉమామహేశ్వర్లు గొంతు ఆగిపోయింది. విన్నట్టే ఉంది. బయటికి మాత్రం రాలేదు.

రూతు తిరిగింది. మెట్టు రాయి దగ్గరికి పోలేదు. తల ఎత్తి, వాళ్ల ముందు నుంచి సందు చివరి దాకా నడిచిపోతున్న మనిషిని చూసినట్టు నిదానంగా చూపు మళ్లించింది. గోడవారనున్న కుక్క కూడా అటే చూసి తోక ఊపింది. "నాయనా," అన్నాడు విక్టర్ మెల్లగా, వేలికి చుట్టుకున్న తాడు వదిలేస్తూ. సందు మలుపు దగ్గర రూతు చూపు చాలాసేపు ఆగింది. ఒకసారి చిన్నగా సకిలించింది.

తర్వాత అది రెండు అడుగులు వెనక్కు వేసి, వర్షిణి పక్కకు వచ్చి, తడిసిన భుజం ఆమె భుజానికి ఆనించి నిలబడింది.